రేపటి తేదీతో వచ్చిన వార్త

సబ్ ఎడిటర్ చనిపోయిన పదకొండు గంటలకు అతను పంపిన ఫైల్ హైదరాబాద్‌లో తెరుచుకుంది.

మూడే మూడు పేరాలు. పైన అతను పనిచేసిన హేల్‌బ్రిడ్జ్ వైర్ అనే విదేశీ వార్తాసంస్థ పేరు. దాని కింద డేట్‌లైన్: బోధన్, ఇండియా. ఆ రోజు బుధవారం. వార్త మీద ఉన్న తేదీ గురువారానిది.

ఇంటెలిజెన్స్ చీఫ్ దాని ప్రింటు కాగితాన్ని టేబుల్ మీద భూమేష్ వైపు తోశాడు.

‘‘చదువు.’’

తెలంగాణ చక్కెర ప్రాంతంలో వారాలుగా రాజుకుంటున్న రైతుల ఆగ్రహం గురువారం ఉదయం భగ్గున ఎగసిందట. మరోవా దేశ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఇజబెల్ టోరెన్ ఆ మంటల్లో చిక్కుకుని మరణించారట. మృతుల సంఖ్య ఉండాల్సిన చోట అంకె లేదు. రెండు ఎక్స్ గుర్తులు ఉన్నాయి.

‘‘అంకె తర్వాత నింపుకుంటారు,’’ అన్నాడు చీఫ్.

భూమేష్ కాగితం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. కూర్చుని బ్రీఫింగ్ వినడం అతనికి ఇరవై ఏళ్లుగా అలవాటు కాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. గదిలో మూడో మనిషి నిరోష. ఆమె ఎన్నడూ పిస్తోలు ముట్టలేదు. పన్నెండేళ్లుగా విదేశీ పత్రికలు చదవడమే ఆమె డ్యూటీ. ఆమె ముందు తొమ్మిది కటింగులు పరిచి ఉన్నాయి.

‘‘ఐదు వారాల కింద బోధన్ దగ్గర చెరుకు రైతులు ఒక్క సభ పెట్టుకున్నారు,’’ అంది నిరోష. ‘‘అరగంట మాట్లాడి, చాయ్ తాగి, ఇళ్లకు వెళ్లిపోయారు. హేల్‌బ్రిడ్జ్ దాన్ని సిమరింగ్ అని రాసింది. కుతకుత ఉడుకుతోందట. మరుసటి వారం స్మౌల్డరింగ్. పొగ లేస్తోందట. ఆ తర్వాత టిండర్‌బాక్స్. అంటే జిల్లా మొత్తం అగ్గిపెట్టె అన్నమాట. ఈ ఐదు వారాల్లో అక్కడ రెండో సభ కూడా జరగలేదు. రాతలో వేడి మాత్రం వారానికో మెట్టు ఎక్కుతూ వచ్చింది.’’

‘‘విలేకరులు అలాగే రాస్తారు కదా.’’

‘‘రాస్తారు. వాళ్ల దేశంలో జరిగితే ఎన్నికల పోటీ, మన దగ్గర జరిగితే తుఫాను. అది బద్ధకం. కానీ బద్ధకంగా రాసేవాళ్లు సంఘటన వెనక నడుస్తారు. వీళ్లు ముందు నడుస్తున్నారు.’’

ఆమె చెప్పిన మిగతా సంగతి సూటిగా ఉంది. తాను గెలిస్తే ఒక షిప్పింగ్ కార్టెల్‌కు ఇచ్చిన ఓడరేవు లీజు రద్దు చేస్తానని ఇజబెల్ ప్రకటించింది. పోలింగ్ తొమ్మిది రోజుల్లో. ఈలోపు చెరుకు సాగు చూడటానికి రేపు బోధన్ వస్తోంది. ఆమెను సొంత దేశంలో చంపితే హంతకుడి కోసం వెతుకుతారు.

‘‘ఇక్కడ చంపితే వెతకరు,’’ అంది నిరోష. ‘‘మంట అంటుకుంది అని రాస్తే, ఎవరు అంటించారని చదివేవాడు అడగడు. మన జిల్లా పేరు చూసి తల ఊపి పేజీ తిప్పుతాడు.’’

‘‘అయితే విజిట్ క్యాన్సిల్ చేయించండి.’’

చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ‘‘అడిగాను. ఉపమాలంకారాలు చూసి విదేశీ అతిథిని వెనక్కి పంపలేం అన్నారు ఢిల్లీ వాళ్లు. ఆ ఫైల్ నకిలీ కావచ్చు అని కూడా అన్నారు.’’

భూమేష్ కటింగులు ఒక్కొక్కటే చూశాడు. నాలుగోదాని దగ్గర చేయి ఆగింది. నిజామాబాద్‌లో ఒక అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్ల ఫోటో అది. ‘కళ్లలో నిప్పులు’ అని కింద ఇంగ్లిష్‌లో రాసి ఉంది. వరసలో రెండో మనిషి అతని అక్క భాగ్యలక్ష్మి. ఎండ ముఖాన కొట్టి కళ్లు చిట్లించుకుంది. అంతే.

అతను కటింగును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

‘‘హేల్‌బ్రిడ్జ్ తరఫున అక్కడ పని చేస్తున్న రిపోర్టర్ పేరు సవిత,’’ అన్నాడు చీఫ్. ‘‘ధర్మాబాద్ పిల్ల. మంచి అందగత్తె, అంతకంటే తెలివైనది. రెండేళ్లుగా మన మనిషే అనుకుంటున్నాం. వాళ్లూ తమ మనిషే అనుకుంటున్నారు. ఎవరు కరెక్టో నువ్వు తేల్చు. రేపు పొద్దున ఆమె కారుకు డ్రైవర్‌వి నువ్వే. పేరు లింగం. కోడ్ వాక్యం గుర్తుందిగా?’’

‘‘ధర్మాబాద్ మిర్చి.’’

‘‘విత్తనం మారింది అనాలి ఆమె. అనకపోతే జాగ్రత్త.’’

* * *

గురువారం ఉదయం ఎనిమిదింటికి నిజామాబాద్ రైల్వే స్టేషన్ దగ్గరి హోటల్ ముందు తెల్లకారు ఆగింది. ఖాకీ చొక్కా, మెడలో తువాలు, మూడు రోజుల గడ్డం. అద్దంలో చూసుకుంటే భూమేష్‌కు తన చిన్నాన్న కనిపించాడు.

సవిత మెట్లు దిగి వచ్చింది. ముదురాకుపచ్చ టస్సర్ చీర, నల్ల కళ్లద్దాలు, భుజానికి తోలు బ్యాగు. ఆమె వెనకే ప్రొడ్యూసర్ వికర్స్ దిగాడు. ఆరడుగుల మనిషి, నవ్వితే పళ్లు మాత్రమే నవ్వుతాయి. అతను కెమెరామన్‌తో కలిసి శాటిలైట్ వ్యాన్ ఎక్కాడు. వ్యాన్ ముందు, కారు వెనక.

ఊరు దాటాక భూమేష్ అద్దంలోకి చూస్తూ అన్నాడు, ‘‘మేడం, ధర్మాబాద్ మిర్చికి ఈసారి ఘాటు లేదంటుండ్రు.’’

ఆమె తల తిప్పలేదు. ‘‘నాకు కారం పడదు అన్నా. సూసి నడుపు.’’

జవాబు తప్పు. రెండేళ్లుగా చీఫ్ నమ్మింది అబద్ధమన్నమాట. రోడ్డుకు రెండు పక్కలా చెరుకు లోడు ట్రాక్టర్లు బారులు తీరి పోతున్నాయి. ఒక్కొక్కదాన్నీ దాటుతూ అతను లెక్క వేసుకున్నాడు. ప్రోగ్రాం పదిన్నరకు. మూడు చోట్ల ఆగుతారు: మొదట బోధన్ అవతల చందూర్ దారిలోని చెరుకు ప్రదర్శన క్షేత్రం, తర్వాత ఫ్యాక్టరీ, తర్వాత రైతుల సమావేశం. మూడింట్లో ఎక్కడ? ఎలా?

ఎడపల్లి దగ్గర సవిత చాయ్ కావాలంది. బ్యాగు సీట్లోనే వదిలి దిగింది. హోటల్ పక్కకు నడిచి, ఆవిరి లేస్తున్న గ్లాసు చేతిలోకి తీసుకుని, మెల్లగా అంది.

‘‘విత్తనం మారింది.’’

భూమేష్ ఊపిరి వదిలాడు.

‘‘బ్యాగుల మైకున్నది,’’ అందామె. ‘‘వికర్స్ ఎప్పుడూ వింటనే ఉంటడు. మీరు కార్ల అడుగుతరని అనుకోలే. చెప్పండి, ఏమైంది?’’

అతను కాగితం చేతికిచ్చాడు. ఆమె కళ్లద్దాలు తీసి చదివింది. ముఖం మీద రంగు తగ్గుతూ పోయింది. వార్త పైన రాసినవారి పేరు ఉంది. సవిత.

‘‘గిది నేను రాయలే.’’

‘‘తెలుసు.’’

‘‘నేను మొదట్ల ఉన్నదే పంపిన అన్నా. రైతులు సభ పెట్టిండ్రు అని పంపితే, డెస్కుల దాన్ని అట్టుడికింది అని మార్చిండ్రు. రెండుసార్లు కొట్లాడిన. తర్వాత వాళ్లు మార్చే బాధ లేకుండ నేనే వేడి చేసి పంపుడు మొదలువెట్టిన. టిండర్‌బాక్స్ నా మాటనే.’’ ఆమె గ్లాసు కింద పెట్టింది. చాయ్ ముట్టలేదు. ‘‘మాటలే కద అనుకున్న. మాటలతోని ఎవ్వలు సస్తరు అనుకున్న.’’

‘‘ఇయ్యాల నీకు వికర్స్ ఏం చెప్పిండు?’’

‘‘పొలంల మంచె మీదికెల్లి లైవ్. వైరు మైకు. నేను ఏం మాట్లాడినా సరే, ఒక్క లైను మాత్రం మార్చొద్దన్నడు. ఆమె నడుమల ఉన్న తెల్లజెండ కాడికి వచ్చినప్పుడే చెప్పాలె. ముందుగాల కాదు, తర్వాత కాదు. ‘ఇక ఒక్క నిప్పురవ్వ చాలు’ అని. గప్పుడు గ్రాఫిక్ ఏస్తడట.’’

భూమేష్ తల ఊపాడు. అతని మనసు తుపాకుల మీద, బాంబుల మీద ఉంది. ఆ లైను అతని చెవిన పడి జారిపోయింది.

వ్యాన్ హారన్ మోగింది. ఇద్దరూ కారెక్కారు.

* * *

ప్రదర్శన క్షేత్రం నాలుగెకరాలు. మనిషికి రెండింతల ఎత్తు పెరిగిన చెరుకు, కింద మోకాలి లోతు ఎండుటాకులు. మధ్యకు ఒకటే దారి, దాని చివర తెల్లజెండా. తూర్పు గట్టు మీద కెమెరా కోసం కొత్తగా కట్టిన మంచె. పడమటి గట్టు మీద పంపు గది. దాని పక్కనే వికర్స్ వ్యాన్ ఆగింది. అతను పంపు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కేబుల్ కనెక్షన్లు అక్కడే అన్నాడు.

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గ్యాడ్జెట్ చూడటానికి మామూలు మొబైల్. పేలుడు పదార్థం యాభై గజాల్లో ఉంటే ఎర్రగా మెరుస్తుంది. భూమేష్ గట్టు పొడుగునా తిరిగాడు. పచ్చగానే ఉంది. మళ్లీ తిరిగాడు. పచ్చే. ఇక్కడ కాదా? ఫ్యాక్టరీలోనా?

అప్పుడే పోలీసు కాన్వాయ్ వచ్చింది. దాంతోపాటు జామర్ వాహనం. చేతిలోని ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. ఇక నిరోషతోనూ, చీఫ్‌తోనూ మాట లేదు.

గట్టు మీద చెరుకు కొట్టే కూలీలు పది మంది కూర్చుని ఉన్నారు. వాళ్లకు పెద్ద చంద్రవ్వ. అరవై దాటిన మనిషి, నడుముకు కొడవలి దోపుకుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

‘‘ఏమైందవ్వా?’’

‘‘వాసన బిడ్డా. నీకు అస్తలేదా? గా పైపులల్లకెల్లి. నిన్న నీళ్లు ఇడువలే. ట్యాంకర్ తెచ్చి ఏందో పోసిండ్రు. చెరుకు మందట.’’ ఆమె మూతి తిప్పింది. ‘‘గిసొంటి మందు మా ముసలోడు రోజు తాగుతుండె.’’

భూమేష్ వంగి ఎండుటాకులు పక్కకు తోశాడు. డ్రిప్ పైపు రంధ్రం దగ్గర మట్టి తడిగా ఉంది. వేలు అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. స్పిరిట్. వాసనకే కళ్లు మండాయి. నాలుగెకరాల్లో ప్రతి సాలుకూ పైపు ఉంది. ప్రతి పైపూ చుక్క చుక్కగా స్పిరిట్ కారుస్తోంది. మోటారు ఇంకా నడుస్తూనే ఉంది.

పైపును ఆనుకుని సన్నటి నల్లవైరు పోతోంది. మూలకు వెళ్లి చూస్తే ఆకుల కింద హీటర్ కాయిల్. వైరు రెండో కొస పంపు గదిలోకి పోయింది. జామర్ వస్తుందని ముందే తెలుసు కాబట్టి ఫోన్ నమ్ముకోలేదు. కరెంటును నమ్ముకున్నారు.

అతను తల ఎత్తేసరికి ఇజబెల్ టోరెన్ చెరుకు దారిలోకి అడుగుపెట్టింది. పొట్టి మనిషి, రబ్బరు బూట్లు, చేతిలో ఎవరో ఇచ్చిన చెరుకు ముక్క. ఆమె వెంట పద్నాలుగు మంది రైతులు. ముందు ఒక పోలీసు, వెనక ఒక పోలీసు.

కేక వేయాలని నోరు తెరిచి ఆపుకున్నాడు. కేక వినబడితే వికర్స్ మీట నొక్కుతాడు. ఆమె అప్పటికే అరవై అడుగులు లోపలికి పోయింది. మరి ఇంకా ఎందుకు నొక్కలేదు?

పంపు గది వైపు చూశాడు. కిటికీకి ఎదురుగా పచ్చటి గోడలా చెరుకు. అక్కడి నుంచి వికర్స్‌కు ఆకులు తప్ప ఏమీ కనబడవు; కెమెరా బొమ్మ వచ్చే తెర వ్యాన్‌లోనే ఉంది. ఇజబెల్ నడిమధ్యకు ఎప్పుడొచ్చిందో అతనికి తెలియాలంటే మంచె మీదున్న మనిషి చెప్పాలి.

ఒక్క నిప్పురవ్వ చాలు.

భూమేష్ పరుగెత్తాడు.

మంచె మీద సవిత మైకు పట్టుకుని మాట్లాడుతోంది. గాలికి ఆమె గొంతు తునకలు తునకలుగా వినబడుతోంది. పొగలు లేస్తున్న నేల, కమిలిపోతున్న జనం. నేర్చుకున్న ఇంగ్లిష్, నేర్చుకున్న వేడి. కెమెరామన్ వీపు ఇటుంది. భూమేష్ మంచెకు ఇరవై గజాల దూరంలో, ఆమె చూపు పడే చోట ఆగాడు. మాట్లాడలేడు. ఆ మైకు వికర్స్ చెవిలో ఉంది.

మెడలోని తువాలు తీసి కింద పడేశాడు. ఆమె చూసింది. రెండు చేతులూ ఎదురుగా ఎత్తి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాడు. ఎక్స్. దించి మళ్లీ పెట్టాడు. ఇంకో ఎక్స్.

సవిత గొంతు ఆగింది.

ఆమె తల తిప్పి జెండా వైపు చూసింది. ఇజబెల్ జెండాకు పది అడుగుల్లో ఉంది. భూమేష్ తన పెదవుల మీద వేలు అడ్డం పెట్టి, తల అడ్డంగా ఊపి, పడమటి గట్టు వైపు మళ్లాడు. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. చూస్తూ నిలబడే తీరిక లేదు.

వెనక నుంచి ఆమె గొంతు మళ్లీ మొదలైంది. ఈసారి వేరేలా ఉంది.

‘‘నా ఎదురుగా ఒక పొలం ఉంది,’’ అంటోంది ఇంగ్లిష్‌లో, తడబడుతూ. ‘‘పొలంలో ఇజబెల్ టోరెన్ నడుస్తున్నారు. ఆమె చెరుకు నములుతున్నారు. వెంట పద్నాలుగు మంది రైతులు ఉన్నారు. ముందున్న పెద్దాయన పేరు నర్సన్న. ఆయనకు ఎకరన్నర ఉంది. ఆయన కోపంగా లేరు. చెరుకు తొక్క ఎలా తీయాలో చూపిస్తున్నారు.’’

ఆమె చెవిలో వికర్స్ ఏమంటున్నాడో భూమేష్ ఊహించగలడు. లైను చెప్పు. లైను చెప్పు.

‘‘ఇంతకుముందు ఈ ప్రాంతం గురించి నేను చాలా రాశాను,’’ అంది సవిత. ‘‘అందులో సగం నేను చూడలేదు. ఇప్పుడు చూసింది చెబుతున్నాను.’’

పంపు గది తలుపుకు లోపల గడియ. పగలగొడితే చప్పుడు. భూమేష్ దాన్ని దాటి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరికి చేరాడు. స్తంభానికి కరెంటు ఆపే ఏబీ స్విచ్ పిడి వేలాడుతోంది. రెండు చేతులతో పట్టి కిందికి గుంజాడు. కదల్లేదు. తుప్పు. కాలు స్తంభానికి తన్నిపెట్టి మళ్లీ గుంజాడు. అరచేయి చీరుకుపోయింది కానీ పిడి జరగలేదు.

మంచె మీద గొంతు ఆగిపోయింది. మైకు లాగేశారో, మాటలు అయిపోయాయో. ఇక వికర్స్ గుడ్డిగానైనా నొక్కుతాడు.

‘‘గది గట్ల దిగది బిడ్డా.’’ చంద్రవ్వ రొప్పుతూ వెనకే వచ్చి ఉంది. ‘‘ముందుగాల మీదికి లేపాలె. లేపి గుంజాలె.’’

ఆమె కొడవలి వెనక్కి తిప్పి పిడి మొదట్లో ఒక్క దెబ్బ కొట్టింది. భూమేష్ పైకెత్తి, ఒళ్లంతా వేలాడేసి గుంజాడు. పైన కీచుమంది. మూడు బ్లేడ్లూ ఒక్కసారే విడిపోయాయి.

మోటారు చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పంపు గదిలోంచి టక్కుమని స్టార్టర్ బటన్ వినబడింది. మళ్లీ టక్. మళ్లీ టక్, టక్, టక్.

ఏమీ జరగలేదు. గాలికి చెరుకు ఆకులు గలగలలాడాయి.

తలుపు తెరుచుకుని వికర్స్ బయటికి వచ్చాడు. ఎదురుగా ఖాకీ చొక్కా మనిషి, పక్కన కొడవలితో ముసలమ్మ. అతని చేయి కోటు లోపలికి పోయింది. బయటికి వచ్చేలోపే భూమేష్ ఆ మణికట్టు పట్టుకుని, వెనక్కి మెలిపెట్టి, అతన్ని గోడకు ఆనించాడు. చిన్న పిస్తోలు మట్టిలో పడింది.

‘‘నేను జర్నలిస్టును,’’ అన్నాడు వికర్స్, బుగ్గ గోడకు నొక్కుకుపోయి. ‘‘దీనికి చాలా పెద్ద గొడవ అవుతుంది.’’

‘‘నేను డ్రైవర్ని,’’ అన్నాడు భూమేష్ ఇంగ్లిష్‌లో. ‘‘ఎక్కడికి తీసుకుపొమ్మంటే అక్కడికి తీసుకుపోతాను. పదండి.’’

* * *

ఇజబెల్ టోరెన్ పది నిమిషాల తర్వాత అదే దారిలో బయటికి వచ్చింది. మోటారు ఎందుకు ఆగిందని అడిగింది. కరెంటు పోయిందని నర్సన్న చెప్పాడు. తమ దేశంలోనూ అంతేనని నవ్వి కారెక్కింది. అసలు సంగతి బోధన్‌లో గెస్ట్‌హౌస్ తలుపులు మూసి చీఫ్ ఆమెకు చెబుతాడు. అప్పటివరకు ఆమెను నవ్వనివ్వడమే మంచిదనిపించింది భూమేష్‌కు.

కూలీలు, పోలీసులు కలిసి పొలం చుట్టూ తాడు కట్టారు. బీడీ, అగ్గిపెట్టె ఉన్నవాళ్లందరినీ రోడ్డు మీదికి పంపారు. కెమెరామన్‌ను ఒక జీపులో, వికర్స్‌ను ఇంకో జీపులో కూర్చోబెట్టారు. హేల్‌బ్రిడ్జ్ తన ప్రేక్షకులకు ‘సాంకేతిక అంతరాయానికి’ క్షమాపణ చెప్పిందని, జామర్ ఆపగానే నిరోష నుంచి మెసేజ్ వచ్చింది. ఆ అంతరాయం అంటే సవిత కళ్లతో చూసింది చెప్పిన నలభై ఏడు సెకన్లట. తన పన్నెండేళ్ల సర్వీసులో ఆ సంస్థ నుంచి చూసిన మొదటి నిజమైన వార్త అదేనని కూడా రాసింది.

సవిత మంచె నిచ్చెన మీద కూర్చుని ఉంది. చీర అంచుకు మట్టి.

‘‘నేను ఆ లైను చెప్పి ఉంటే,’’ అంది.

‘‘చెప్పలే కద.’’

‘‘ఐదు వారాలు చెప్పిన అన్నా. ఇయ్యాల ఒక్కరోజు చెప్పలే.’’

భూమేష్ ఆమె పక్కన నిచ్చెన మీదే కూర్చున్నాడు. ఆ ఉదయం మొదటిసారి కాళ్లు కదలకుండా కూర్చున్నాడు. చీరుకుపోయిన అరచేతికి ఆమె తన రుమాలు చుట్టింది.

‘‘నిన్ను కూడా ప్రశ్నిస్తరు,’’ అన్నాడు. ‘‘రెండు మూడు రోజులు.’’

‘‘తెలుసు. కాగితం, పెన్ను ఇయ్యమనుండ్రి. ఎవలు రాయమన్నరు, ఎవలు మార్చిండ్రు, ఎవలు పైసలిచ్చిండ్రు, ఎవలు ట్యాంకర్ పంపిండ్రు. పేర్లతోని రాస్త. నా పేరుతోని మొదలువెట్టి.’’

జీపు హారన్ మోగింది. ఆమె కళ్లద్దాలు వెతుక్కుంది, దొరకలేదు. అలాగే ఎండలో కళ్లు చిట్లించుకుని నడిచి వెళ్లింది.

గట్టు మీద చంద్రవ్వ ఇంకా నిలబడే ఉంది. నాలుగెకరాల చెరుకు వైపు, తడిసిన సాళ్ల వైపు మార్చి మార్చి చూస్తోంది.

‘‘ఇంక గీ చెరుకును ఏం జేస్తరు బిడ్డా?’’

‘‘కొట్టి పారేస్తరవ్వా. పనికిరాదు.’’

‘‘పారేసుడే మంచిది,’’ అంది చంద్రవ్వ, కొడవలి మళ్లీ నడుముకు దోపుకుంటూ. ‘‘దీంతోని బెల్లం వండితే, రేపు గుడికి పోయి ప్రసాదం తిన్నోళ్లంత గోడలు వట్టుకుంట ఇండ్లకు వోవాలె.’’